షీటు లేని నంబర్లు

బహుమతి ఇస్తాం రమ్మని పిలిచి, వచ్చేటప్పుడు చెక్కు పుస్తకం కూడా తెచ్చుకోమన్నారంటే అక్కడే ఫోన్ పెట్టెయ్యాలి. ఈ మాత్రం ఇంగితం యాభై మూడేళ్ల వయసులో నాకు లేకపోయింది. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ముప్ఫై ఏళ్లు ఒక్క పొరపాటు లేకుండా సాగనంపినవాణ్ణి. అలాంటివాణ్ణి జగదల్‌పూర్‌లో ఒక హోటల్ హాల్లో చల్లగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, టోపీ పెట్టి పంపించారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ సంగతి గుర్తొస్తే ఒళ్లు మండిపోతుంది. ఎందుకండీ ఊరికే తవ్వుకుంటారు అంటుంది మా ఆవిడ. తవ్వకుండా ఉండలేను.

మాది విజయనగరం వైపు. ఉద్యోగం సగానికి పైగా కిరండూల్ లైన్లోనే గడిచింది. జగదల్‌పూర్ దాటాక వచ్చే ఒక చిన్న స్టేషన్‌కి నేను మాస్టర్ని. గనులు జోరు మీదున్న రోజులు. కొండ మీద తవ్విన ఖనిజమంతా మా ముందునుంచే విశాఖపట్నం ఓడరేవుకి పోయేది. స్టేషన్‌కి మాస్టర్లం ఇద్దరం. పన్నెండు గంటలు నేను, పన్నెండు గంటలు ఆయన. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నేనూ మా ఆవిడా వారం రోజులు వరసగా ఒకే వేళకి కూర్చుని అన్నం తిన్నది లేదు. మా క్వార్టర్ వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలుండేవి. సాయంత్రం పూట ఒకదాంట్లో ఆమె కూర్చునేది, రెండోదాంట్లో ఆరిన బట్టలుండేవి. అమ్మాయి నర్సింగ్ చదవడానికి విశాఖ వెళ్లిపోయాక ఆ బట్టలు కూడా తగ్గిపోయాయి.

ఆవిడ నన్నెప్పుడూ అది కావాలి, ఇది కావాలి అని అడిగిన మనిషి కాదు. ఒక్కటి మాత్రం అడిగింది. మీరు రిటైరయ్యేలోపు నన్నొక్క వారం ఫోను మోగని చోటికి తీసుకెళ్లండి అంది. రిటైరయ్యాక ఎలాగూ ఇంట్లోనే ఉంటారు, అది లెక్కలోకి రాదు, ఉద్యోగంలో ఉండగా నాకోసం సెలవు పెట్టాలి అంది. సరేనన్నాను. అప్పటికి నా సర్వీసు ఇంకా పదేళ్ల పైనే ఉంది. సరే అన్నాక నాలుగేళ్లు గడిచాయి.

జరిగింది అర్థం కావాలంటే మా పనిలో ఉన్న ఒక పద్ధతి గురించి చెప్పాలి. పక్క స్టేషన్ మాస్టరు నాకు కనిపించడు. కిలోమీటరు అవతల గేటు దగ్గరుండే గేట్‌మన్ కనిపించడు. అంతా ఫోన్లోనే. గేటు వేశావా అని నేనడిగితే వేశానంటాడు. ఒట్టి మాట మీద బండి వదలకూడదు కాబట్టి ప్రైవేట్ నంబర్ అని ఒకటి పెట్టారు. అందరి దగ్గరా అచ్చు వేసిన షీటు ఉంటుంది. దాన్నిండా రెండంకెల నంబర్లు, ఒక వరసంటూ లేకుండా. చెప్పిన పని పూర్తిచేశాకే అందులో తరవాతి నంబరు చెప్పాలి. చెప్పి దాన్ని కొట్టెయ్యాలి. విన్నవాడు ఆ నంబరూ టైమూ తన రిజిస్టర్లో రాసుకోవాలి. నంబరు చెప్పాడంటే పని చేశాడనే. అది అబద్ధమని తేలితే ఉద్యోగం పోతుంది, జైలుకి పోయినా పోవచ్చు. అలాంటి నంబర్లు నేను రోజూ వినేవాణ్ణి, చెప్పేవాణ్ణి. నంబరు చెప్పిన మనిషిని అనుమానించడమనేది నాకు అలవాటే లేదు.

ఇంక అసలు సంగతి. జగదల్‌పూర్ దసరా మేళాలో ఒక స్టాల్ పెట్టారు. మోటార్ సైకిల్ లక్కీ డ్రా, ఉచితం అని బోర్డు. చీటీ నింపాను. పేరు, ఫోన్ నంబరు సరే. దాని కింద నెల జీతమెంత, సొంత ఇల్లుందా, పెళ్లయిందా అని అడిగారు. లాటరీకి జీతంతో ఏం పని అని అప్పుడు తట్టలేదు. బజార్లో ఎన్నో ఫారాలు నింపుతుంటాం, ఇదీ ఒకటి అనుకున్నాను.

పదిహేను రోజులకి ఫోనొచ్చింది. తెలుగులో. మా చోట తెలుగు మాట అంటే అది రైల్వే కాలనీలో పదిళ్ల మధ్య ఉండేది. బజారుకి వెళితే హిందీ, కూరగాయలావిడతో అక్కడి జనం మాట్లాడే హల్బీ, డ్యూటీలో అంతా హిందీ. అలాంటిచోట ఒక కొత్త గొంతు, ఏ ఊరండీ మనది అని అడిగింది. విజయనగరం అన్నాను. అయ్యో సార్, మాది చీపురుపల్లి పక్కనే అన్నాడు. నిజంగా చీపురుపల్లో, నేను బొబ్బిలి అనుంటే బొబ్బిలి పక్కనే అనేవాడో, ఆ దేవుడికే తెలియాలి. మీకు బహుమతి వచ్చింది, ఆదివారం హోటల్‌కి భార్యాభర్తలిద్దరూ తప్పకుండా రావాలి, గంటన్నర పని, చెక్కు పుస్తకం ఐడీ కార్డు తెచ్చుకోండి అన్నాడు. ఇద్దరూ ఎందుకు అంటే బహుమతి జంటలకే అన్నాడు. ఇంటికెళ్లి ఆవిణ్ణి అడిగి చెబుతాను అనే మాట మన నోట్లోంచి రాకుండా చెయ్యడానికే ఆ ఏర్పాటని ఇప్పుడు తెలుసు.

రెండో మాస్టర్ని బతిమాలి డ్యూటీ మార్చుకున్నాను. మా ఆవిడ పెట్టెలోంచి మంచి చీర తీసింది.

హాల్లో ఏసీ, బెలూన్లు, చెవులు పగిలిపోయేలా పాటలు. ఎనిమిది బల్లలు, ప్రతి బల్ల దగ్గరా ఒక జంట, ఎదురుగా టై కట్టుకున్న మనిషి. మా బల్ల దగ్గర ఉన్నవాడు ఆ ఫోన్ గొంతే. ముప్ఫై ఏళ్లుంటాయి, నవ్వు ముఖం. మేనేజర్ బల్ల మీద ఒక ఇత్తడి గంట ఉంది. ఎవరైనా మెంబరుగా చేరితే అది కొట్టేవాళ్లు, హాలంతా లేచి చప్పట్లు. గంట మోగిన ప్రతిసారీ నా తల దానంతటదే అటు తిరిగేది, అది వృత్తివల్ల వచ్చిన అలవాటు. పదకొండింటికి పక్క బల్ల దగ్గర పచ్చ చీరావిడా, ఆమె భర్తా చేరారు. గంట కొట్టారు. ఒంటిగంట ప్రాంతంలో ఆ మూల బల్ల దగ్గర మళ్లీ గంట, అక్కడా అదే పచ్చ చీర. మా ఆవిడ నా మోచేయి మీద తట్టి, ఆ పచ్చ చీరావిడ పొద్దున్నే కొనేసింది కదా, మళ్లీ ఎలా కొంటోంది అంది. ఇంకో రకం కొంటోందేమో అన్నాను. అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ముందు ఆల్బం చూపించాడు. కొండలు, సముద్రాలు, ఈత కొలను. ఒకసారి డబ్బు కట్టి మెంబరైతే ఇరవై అయిదేళ్లపాటు ఏటా ఒక వారం వీటిల్లో ఎక్కడైనా గది ఇస్తారట. ఒక పేజీలో మంచు పట్టిన కొండ ఎదురుగా చిన్న వరండా, అందులో రెండు పేము కుర్చీలు. మనుషులెవరూ లేరు. పేజీ తిప్పుతున్న మా ఆవిడ చెయ్యి అక్కడ ఆగింది. ఆగడం నేనూ చూశాను, వాడూ చూశాడు. అంతవరకూ నాతో మాట్లాడుతున్నవాడు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. ఆ తరవాత ఏ పేజీ తిప్పినా చివరికి ఆ వరండాకే వచ్చేవాడు. అమ్మా, ఇక్కడ పొద్దున్న టీ కూడా గదికే తెచ్చిస్తారు, మీరు లేవక్కర్లేదు అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా నా డ్యూటీ వేళల్ని బట్టి లేస్తున్న మనిషి ఆమె. ఆమె కళ్లల్లో ఉన్నది ఎవడో మూడు గంటల్లో కనిపెట్టి ధర కట్టాడు. నాకు ఎక్కువ మంట ఇక్కడే.

తరవాత లెక్కల కాగితం. మీరు ఏటా విహారానికి ఎంత ఖర్చు పెడతారు సార్ అని అడిగాడు. ఏమీ లేదన్నాను. నాకు రైల్వే పాసుంది, వెళ్లేది మా అక్కగారింటికో, మా ఆవిడ తమ్ముడి ఇంటికో. అయినా ఒక ఇరవై వేలు వేసుకుందాం అని వాడే రాసుకున్నాడు. దాన్ని ఏటా పెంచుకుంటూ ఇరవై అయిదేళ్లకి హెచ్చవేసి, చూశారా సార్, మీరు పధ్నాలుగు లక్షలు పోగొట్టుకోబోతున్నారు అన్నాడు. నేను ఎన్నడూ పెట్టని ఖర్చు, పెట్టబోని ఖర్చు, దాన్నించి నన్ను కాపాడతానంటున్నాడు. మా ఫీజు రెండు లక్షల ఎనభై అయిదు వేలే అన్నాడు. లేవబోయాను. కూర్చోబెట్టాడు. మేనేజరు వచ్చాడు, రైల్వేవాళ్లంటే మాకు గౌరవం అని ఆ అంకె కొట్టేసి లక్షా అరవై వేలు రాశాడు. కుదరదన్నాను. ఇంకొకడొచ్చాడు, ఇంకా పెద్ద మేనేజరట. రాయపూర్ డాక్టరుగారు ఒకాయన కట్టి మానుకున్న మెంబర్‌షిప్ ఒకటే ఒకటి మిగిలింది, తొంభై ఎనిమిది వేలు, ఈ రోజు ఈ హాల్లోనే, గుమ్మం దాటితే ఉండదు అని చెవిలో చెప్పినట్టు చెప్పాడు. రెండు లక్షల ఎనభై అయిదు ఉన్న వస్తువు మూడు గంటల్లో తొంభై ఎనిమిదికి దిగిందంటే, దాని ధర అదీ కాదు ఇదీ కాదు అని గ్రహించాలి. నాకేమో లక్షా ఎనభై ఏడు వేలు మిగిల్చుకున్నట్టు అనిపించింది. మా దగ్గర ఉన్నది ఊళ్లో ఇంటి స్థలం కోసం దాచిన డబ్బు.

అయినా నేను పూర్తిగా తెలివితక్కువవాణ్ణి కాదు. మూడు ప్రశ్నలు అడిగాను. తొంభై ఎనిమిది వేల రకానికి ఏ నెలలో అయినా గది ఇస్తారా అన్నాను. మాకు సెలవు పది రోజుల ముందు గానీ తెలియదు, వేరే మాస్టరు వస్తేనే సెలవు, ఆ ఏడు దొరక్కపోతే ఆ వారం మరుసటి ఏటికి వస్తుందా అన్నాను. ఏడాదయ్యాక వద్దనుకుంటే డబ్బు తిరిగి ఇస్తారా అన్నాను. మూడింటికీ తప్పకుండా సార్ అన్నాడు మా బల్ల దగ్గరివాడు. కాగితం మీద రాసివ్వమన్నాను. అది కంపెనీ పద్ధతి కాదు, నా మాట చాలదా అన్నాడు.

అప్పుడు నేను, ఈ భూమ్మీద స్టేషన్ మాస్టరు తప్ప మరొకడు చెయ్యని పని చేశాను. ఒట్టి మాట మా దగ్గర చెల్లదు బాబూ, ప్రతి మాటకీ నంబరు ఇవ్వాలి అన్నాను. ఏ నంబరు అన్నాడు. ప్రైవేట్ నంబరంటే ఏమిటో, చెప్పినవాడి మీద ఎంత బాధ్యత ఉంటుందో వాడికి ఓపిగ్గా వివరించాను. తల ఊపుతూ విన్నాడు. వినడం అయ్యాక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కంపెనీలో మాకూ ఉంటాయి సార్, రాసుకోండి అన్నాడు. ఏ నెలైనా గది అన్నదానికి నలభై ఏడు. మరుసటి ఏటికి అన్నదానికి పంతొమ్మిది. డబ్బు వాపసుకి ఎనభై రెండు.

జేబులోంచి డైరీ తీశాను. మొదటి నంబరు ఒంటిగంట నలభై రెండు నిమిషాలు, రెండోది నలభై మూడు, మూడోది నలభై నాలుగు అని టైము వేసి రాసుకున్నాను. రాశాక నాకు మనశ్శాంతి కలిగింది. నిజంగానే కలిగింది. అప్పుడు మా ఆవిడ అంది.

"మీకాడ షీటుంటాది కదండీ. ఈయనకాడ షీటేదీ? చూసి చెప్పలేదు కదా."

ఆమె ఇరవై ఆరేళ్లు స్టేషన్ పక్కన ఉంది. నాకు కాఫీ తెచ్చినప్పుడు నేను షీటు చూసి నంబరు చెప్పడం, దాన్ని కొట్టెయ్యడం వేలసార్లు చూసింది. ఆ చిన్న ప్రశ్నకి అక్కడే ఆగిపోవాల్సింది. నేను ఆగలేదు. నాకు పరువు తక్కువైనట్టనిపించింది. మనవాడు, మన ఊరివాడు, పైగా నా వృత్తిని అంత మర్యాదగా విన్నవాడు, వాడి ముందు నా భార్య నాకు నా పని నేర్పుతోంది.

"నీకేం తెలుసు, నోరు మూసుకో," అన్నాను. పాటల హోరులో వినపడదని గట్టిగానే అన్నాను. సరిగ్గా అప్పుడే పాట మారింది. పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు. వాడు మాత్రం నవ్వు ముఖంతో, మేడమ్‌గారు జాగ్రత్తపరులు సార్ అన్నాడు. ఆమె తల దించుకుని ఆల్బం మూసేసింది.

సంతకాలు పెట్టాను. ఇంగ్లీషులో ముప్ఫై ఎనిమిది పేజీలు, పెన్సిలు టిక్కు పెట్టిన ప్రతిచోటా సంతకం. ఇరవై వేలకి చెక్కు, మిగతాదానికి నెలవారీ చెక్కులు. గంట కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో పచ్చ చీరావిడ కూడా ఉంది. బహుమతి కింద ఒక హాట్‌కేసు ఇచ్చారు. తిరుగు బండిలో మా ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నేను మాత్రం ఆ వరండా గురించి, మంచు గురించి ఏదో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ హాట్‌కేసులో ఆమె ఒక్కసారి కూడా చపాతీలు పెట్టలేదు. ఇప్పటికీ అందులో మేకులు, పాత తాళాలు ఉంటాయి.

సంతకం పెట్టిన పది రోజుల్లోపు మానుకోవచ్చని ఆ పేజీల్లో ఒకచోట ఉందట. ఆ పుస్తకం కొరియర్లో మాకు చేరింది ఇరవై రెండో రోజున. అది కూడా పొరపాటే అనుకోవాలా?

ఆ వేసవిలో నాకు సెలవు దొరికింది. ఎంత కష్టపడితే దొరికిందో చెప్పను. కంపెనీకి ఫోన్ చేశాను. హిందీలో ఒకమ్మాయి, వేసవి మీ రకంలో లేదు, మీది వానాకాలం రకం అంది. పైగా గది కావాలంటే ఆరు నెలల ముందు చెప్పాలంది. ఆరు నెలల తరవాత నేను పగలు డ్యూటీలో ఉంటానో రాత్రి డ్యూటీలో ఉంటానో నాకే తెలియదు. సెలవు వదిలేసుకున్నాను. వానాకాలం వచ్చింది. ఘాట్‌లో కొండ విరిగి పట్టాల మీద పడింది, అయిదారు రోజులు బళ్లు లేవు. నాకు మొదటిసారి చేతినిండా ఖాళీ. మళ్లీ ఫోన్ చేశాను. ఇప్పుడు ఖాళీ గది లేదు, ఉన్నా ముందుగా చెప్పలేదు కాబట్టి కుదరదు అన్నారు. ఆ వారం మేమిద్దరం మా వరండాలోనే కూర్చున్నాం. ఆ తరవాత రోడ్డు కూడా మూసుకుపోవడంతో సరుకులు రాక, ఆవిడ అన్నిపూటలా పప్పే వండింది.

రెండో ఏడు నిర్వహణ ఫీజు అని ఒక కాగితం వచ్చింది. గదికి మేం వెళ్లినా వెళ్లకపోయినా ఏటా కట్టాలట, అది ఏటా పెరుగుతుందట. హాల్లో ఈ ఫీజు మాట ఎవరూ ఎత్తలేదు. ఇంక చాలు అనుకుని డైరీ తీసి ఫోన్ దగ్గర కూర్చున్నాను. మానుకుంటున్నాను, డబ్బు తిరిగి ఇవ్వండి అన్నాను. కుదరదంది ఆ అమ్మాయి. నేను చాలా నెమ్మదిగా, డ్యూటీలో చెప్పినట్టు చెప్పాను. ఫలానా తేదీ, ఒంటిగంట నలభై నాలుగు నిమిషాలు, ప్రైవేట్ నంబర్ ఎనభై రెండు. ఒక్క నిమిషం అంది. తరవాత ఏదో సంగీతం పెట్టారు. మళ్లీ వచ్చి, అలాంటి నంబర్లు మా కంపెనీలో ఏవీ లేవు, నోటిమాటగా చెప్పినవి దేనికీ కంపెనీ బాధ్యత లేదని ముప్ఫై ఒకటో పేజీలో ఉంది, కింద మీ సంతకం ఉంది అంది. పుస్తకం తెరిచి చూశాను. ఉంది. నా సంతకం, చక్కగా, పూర్తి పేరుతో.

ఆ చీపురుపల్లివాడి సెల్‌ఫోన్‌కి నెలరోజులు చేశాను. ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా, రెండు బళ్ల మధ్య ఖాళీలో చేస్తే ఎత్తాడు. నన్ను గుర్తుపట్టాడు. ఆ కంపెనీ మానేశాను సార్, ఇప్పుడు ఇన్సూరెన్స్‌లో ఉన్నాను అన్నాడు. ఆ మూడు నంబర్లు ఎక్కడివిరా అని అడిగాను.

"మీరు అడిగారు కదా సార్, ఇచ్చాను," అన్నాడు. అందులో వెటకారం లేదు. గిరాకీ టీలో పంచదార తక్కువ వెయ్యమంటే తక్కువ వేశానన్నట్టు చెప్పాడు.

నాకు జరిగిన నష్టం డబ్బుతో ఆగి ఉంటే ఇంత రాయను. ఆ ఫోన్ పెట్టేసిన అరగంటకి ఖనిజం బండి వచ్చే వేళయింది. గేటుకి ఫోన్ చేశాను. మా గేట్‌మన్ తోంగ్‌పాల్ వైపు మనిషి, హల్బీ మాట్లాడతాడు, నాతో హిందీలో చెబుతాడు. ఇరవై ఏళ్లుగా అదే గేటు. పెద్దగా చదువుకోలేదు, అంకెలు మాత్రం ముత్యాల్లా రాస్తాడు. గేటు వేశాను, అరవై మూడు అన్నాడు. రాసుకుని సిగ్నలివ్వాలి. నా పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

నిజంగా వేశావా అని అడిగాను. గేటు దగ్గర ఆగిన జీపు హారన్ ఫోన్లో నాకు వినిపిస్తూనే ఉంది. అరవై మూడు అని మళ్లీ చెప్పాడు. చూసి చెప్పు, నిజంగా తాళం వేశావా అని మళ్లీ అడిగాను.

"నంబర్ దే దియా సాబ్," అన్నాడు. "ఔర్ క్యా దూ?"

నంబరు ఇచ్చేశాను, ఇంకేం ఇవ్వమంటారు అని. అయినా నేను సిగ్నలివ్వలేదు. స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ని సైకిల్ మీద గేటుకి పంపించాను. బండి పద్దెనిమిది నిమిషాలు బయటి సిగ్నల్ దగ్గర ఆగింది. అతను వెళ్లి చూసి వచ్చాడు. గేటు వేసే ఉంది, తాళం వేసే ఉంది. బండి ఎందుకు ఆగిందని కంట్రోల్ ఆఫీసు అడిగితే పట్టాల మీద పశువులున్నాయని చెప్పాను, రిజిస్టర్లోనూ అదే రాశాను. నా సర్వీసులో రిజిస్టర్లో రాసిన అబద్ధం అదొక్కటే. ఆ చీపురుపల్లివాడు నా దగ్గర తీసుకున్నది ఈ నమ్మకం. తొంభై ఎనిమిది వేలు కాదు.

మర్నాడు నాకు రెస్టు. పొద్దున్నే నడుచుకుంటూ గేటుకి వెళ్లాను, తప్పయిపోయిందని చెబుదామని. నన్ను దూరంనుంచి చూసి గేట్‌మన్ తలపాగా సర్దుకున్నాడు. తనిఖీకి వచ్చాననుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే పెట్టె తాళం తీసి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకున్న షీటు తెచ్చి నా ముందు పరిచాడు. అరవై మూడు మీద ఒకే ఒక గీత, పక్కన టైము. దాని మీద వేలు పెట్టి నిలబడ్డాడు. చూడక్కర్లేదన్నాను. నేను చూసేదాకా వేలు తియ్యలేదు. నేను తప్పుడు నంబరు ఇస్తానని మీకెవరు చెప్పారు సాబ్ అని అడిగాడు. ఎవడో తన మీద పితూరీ చెప్పాడనుకుని రాత్రంతా నిద్రపోలేదట.

చెప్పక తప్పలేదు. హోటలు, గంట, నలభై ఏడు, పంతొమ్మిది, ఎనభై రెండు, అంతా చెప్పాను. అంతా విని, ఆశ్చర్యంగా ఒకటే అడిగాడు. వాడి షీటు ఏదీ అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వరండాలో బియ్యం ఏరుతోంది. రెండో కుర్చీలో బట్టలు తీసి కింద పెట్టి కూర్చున్నాను. గేట్‌మన్ అడిగింది చెప్పాను. ఆ రోజు నువ్వడిగిందే అడిగాడు, నువ్వు అన్నదే నిజం, నేను నిన్ను కసరకుండా ఉండాల్సింది అన్నాను. ఆమె చేట ఒళ్లోంచి దించలేదు.

"ఆవేళ నన్ను అరిసినప్పుడు హాలు నిండా జనం ఉన్నారు," అంది. "ఇప్పుడిక్కడ ఎవరున్నారండీ?"

ఫీజు కట్టడం మానేశాను, వాళ్లు మెంబర్‌షిప్ రద్దు చేశారు, కట్టిన డబ్బు పోయింది. ఆ తరవాత నేను రిటైరయ్యేదాకా మాకు వారం రోజుల సెలవు దొరకలేదు. ఉద్యోగంలో ఉండగా ఆమెకోసం పెడతానన్న సెలవు పెట్టలేకపోయాను, ఇంక ఎప్పటికీ పెట్టలేను. ఆ రోజు వరండాలో ఆమె అడిగిన రెండోది మాత్రం ఇంకా నా చేతిలో ఉంది. అందుకే ఇది పదిమంది చదివేచోట రాస్తున్నాను. ఆ హాల్లో మా ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. నోరు మూసుకోవాల్సింది నేను.